క్లచ్ లేని కారులో ఎడమ కాలికి ఏం పని?

ఆటోమేటిక్ కారులో డ్రైవింగ్ నేర్చుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో ఏఎంటీ (క్లచ్, గేర్ల పని యంత్రమే చేసే ఆటోమేటిక్) వ్యాగన్ఆర్ కారు ఉంది. నాకు 38 ఏళ్లు, స్కూటీ తప్ప ఏదీ నడపలేదు. మా ఊళ్లో డ్రైవింగ్ స్కూలువాళ్లు "ముందు గేర్ల బండి నేర్చుకోండి, ఆటోమేటిక్ దానంతటదే వచ్చేస్తుంది" అంటున్నారు. మావారేమో నేరుగా మన కారులోనే నేర్చుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, తెనాలి

మీరు రోజూ నడపబోయేది ఏ బండో అందులోనే నేర్చుకోవడం మంచిది. ఆ మేరకు మీవారి మాటే సరైనది. కాకపోతే మొదటి వారం మాత్రం మీ కారులో వద్దు. ఎందుకంటే దానికి పక్క సీటు దగ్గర బ్రేకు లేదు. స్కూలు కార్లకు రెండోవైపు కూడా బ్రేకు ఉండాలని నిబంధన. కొత్త మనిషి కాలు తడబడిన ఒక్క క్షణంలో కాపాడేది ఆ రెండో బ్రేకే. కాబట్టి డబుల్ బ్రేకున్న ఆటోమేటిక్ కారు పెట్టిన స్కూలు దగ్గర్లోని ఏ పట్నంలో ఉన్నా అక్కడ చేరండి. ఎక్కడా దొరక్కపోతే మీ ఊరి స్కూల్లో గేర్ల బండిలోనే మొదలుపెట్టండి. గేరుబాక్సు ఏదన్న దానికంటే పక్కన బ్రేకు ఉండడమే ముఖ్యం. మామూలు కార్లకు స్కూలు శిక్షణ కనీసం 21 రోజులు, అందులో బండి నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. వారం రోజులు తిప్పి "వచ్చేసిందమ్మా" అంటే ఒప్పుకోవద్దు.

ఇక "ఆటోమేటిక్ దానంతటదే వస్తుంది" అన్న మాట సగమే నిజం. గేర్ల బండిలో కొత్తవాళ్ల ధ్యాసంతా క్లచ్ మీదే ఉంటుంది. బండి ఎక్కడ ఆఫ్ అయిపోతుందో అన్న భయంలో అద్దాలు చూడరు, ఎదురొచ్చే ఆటోను చూడరు. ఆటోమేటిక్‌లో ఆ బరువు తగ్గుతుంది కాబట్టి రోడ్డు మీద చూపు త్వరగా కుదురుతుంది. అయితే గేర్ల బండి మనకు తెలియకుండానే ఒక కాపలా కాస్తుంది. తప్పు చేస్తే ఇంజన్ ఆగిపోతుంది, బండి అక్కడే నిలబడుతుంది. ఆటోమేటిక్ ఆగిపోదు. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, కదులుతుంది. అందుకే ఇందులో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం కుడికాలు.

మొదటి రోజు ఇంజన్ ఆన్ చేయకుండానే పది నిమిషాలు కూర్చోండి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోండి. కుడి మడమ బ్రేకు పెడల్‌కు ఎదురుగా నేల మీద ఆనాలి. ఆ మడమను అక్కడే ఉంచి, పాదం ముందుభాగాన్ని మాత్రమే కుడివైపు తిప్పితే ఎక్సలేటర్ అందాలి. కాలు మొత్తం ఎత్తి పెట్టే అలవాటు చేసుకోకండి. కళ్లు ముందుకే చూస్తూ బ్రేకు, ఎక్సలేటర్, మళ్లీ బ్రేకు, ఇలా ఓ యాభైసార్లు మార్చండి. ఎడమ కాలు పెడల్స్‌కు ఎడమవైపు నేల మీద స్థిరంగా ఉండాలి. మొత్తం డ్రైవింగ్‌లో దానికి వేరే పనే లేదు.

స్కూల్లో మొదటి వారం గడిచాక మీ కారును ఖాళీ మైదానంలో స్టార్ట్ చేయండి. గేరు రాడ్డు దగ్గర ఎన్ అంటే న్యూట్రల్, డీ అంటే ముందుకు, ఆర్ అంటే వెనక్కి. మీ ఏఎంటీలో రాడ్డు ఎన్‌లో ఉండి, బ్రేకు నొక్కి ఉంటేనే ఇంజన్ అందుకుంటుంది. డీలోకి వేశాక మీటరు దగ్గర గేరు కనబడేదాకా ఆగి, హ్యాండ్ బ్రేకు దించి, పాదం మెల్లగా ఎత్తండి. సమతలం మీద బండి మనిషి నడక వేగంతో తనే పాకుతుంది. మొదటి గంటంతా ఇంతే, ఎక్సలేటర్ ముట్టుకోవద్దు. నేల మీద సున్నంతో గీత గీసి, ముందు చక్రం సరిగ్గా దాని మీద ఆగేలా ఇరవైసార్లు ఆపండి. ఆ తర్వాత అదే పని ఆర్‌లో. బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో పాదానికి తెలిశాకే ఎక్సలేటర్ జోలికి వెళ్లండి.

ప్రశ్న: ఆటోమేటిక్ కారు తీసుకెళ్లి టెస్టు ఇస్తే లైసెన్సు మీద "ఆటోమేటిక్ మాత్రమే" అని రాస్తారట, నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

మన దేశంలో అలా లేదు. కారు లైసెన్సు ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అన్న ఒకే తరగతిలో వస్తుంది, గేర్ల కారైనా ఆటోమేటిక్ అయినా అదే చెల్లుతుంది. గేరు ఉన్నవి, లేనివి అన్న తేడా ఉన్నది ద్విచక్ర వాహనాలకే. బహుశా అక్కడి నుంచే ఈ మాట పుట్టింది.

ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు. ఎల్ఎల్ఆర్ గడువు 6 నెలలు. ఈలోపు నేర్చుకునేటప్పుడు లైసెన్సు ఉన్న మనిషి పక్కన ఉండాలి, బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరం, బోర్డు 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. టెస్టు రోజు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు చెల్లుబాటులో ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోండి. ట్రాక్ మీద రివర్సులో బండిని పాకించడం ఆటోమేటిక్‌లో తేలిక, ఎక్సలేటర్ అవసరమే రాదు. ఎత్తు మీద ఆపి కదిలించే చోట మాత్రం ఏఎంటీ అయితే జాగ్రత్త. ఎందుకో కింద కర్నూలు పాఠకుడికిచ్చిన జవాబులో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ముప్పై ఏళ్లు గేర్ల కార్లు నడిపారు. మోకాళ్ల నొప్పులని ఆటోమేటిక్ కొన్నాం. మొదటి వారంలోనే రెండుసార్లు నడిరోడ్డు మీద బండి ఉన్నట్టుండి ఆగింది. మొన్న ఇంటి గేటు దగ్గర రివర్సు చేస్తుంటే ఒక్కసారిగా వెనక్కి దూకింది. బండిలో లోపమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

రెండూ వేర్వేరు తప్పులు. షోరూమ్‌లో ఒకసారి చూపించడంలో నష్టం లేదు కానీ, మీరు రాసినదాన్ని బట్టి కారణం పాదాల దగ్గరే కనబడుతోంది.

నడిరోడ్డు మీద ఆగింది ఎడమ కాలి వల్ల. గేర్ల బండిలో బండి నెమ్మదించగానే ఎడమ కాలు క్లచ్ కోసం వెళుతుంది. అక్కడ ఇప్పుడు క్లచ్ లేదు. పైగా చాలా ఆటోమేటిక్ కార్లలో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది, కాబట్టి పాదం దాని ఎడమ అంచు మీద పడుతుంది. క్లచ్‌ను నేలదాకా తొక్కడం అలవాటైన కాలు బ్రేకును కూడా అంతే తొక్కేస్తుంది. వెనక లారీ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి మందు: ఓ రెండు వారాలు బండి ఎక్కగానే ఎడమ పాదాన్ని వెనక్కి లాగి, మడమ సీటు అంచు కిందికి వచ్చేలా పెట్టుకోమనండి. అక్కడి నుంచి పెడల్ అందదు. అలవాటు తప్పాక మామూలుగా ముందుకు చాపుకోవచ్చు.

వెనక్కి దూకింది కుడికాలి వల్ల. రివర్సు చేస్తూ నడుము తిప్పి వెనక్కి చూసినప్పుడు శరీరంతో పాటు కుడి పాదం కూడా మనకు తెలియకుండా జరుగుతుంది. బ్రేకు అనుకుని నొక్కింది ఎక్సలేటర్ అవుతుంది. బండి దూకగానే కంగారులో "బ్రేకు" ఇంకా గట్టిగా నొక్కుతారు, అంటే ఎక్సలేటరే ఇంకా లోపలికి పోతుంది. బ్రేకు నొక్కినా ఆగలేదని తర్వాత నిజాయతీగానే చెబుతారు. పెద్దవాళ్లకే కాదు, పాతికేళ్ల వాళ్లకూ జరుగుతుంది.

అందుకే గేటు, సెల్లార్, పార్కింగ్, ఈ మూడు చోట్లా ఒకటే నియమం పెట్టుకోండి: పాదం బ్రేకు మీదే, బండి తనంతట పాకే వేగమే వేగం. చిన్న ఎత్తు ఎక్కక ఎక్సలేటర్ ఇవ్వాల్సి వస్తే ఇచ్చి, వెంటనే పాదం బ్రేకు మీదికి తెచ్చేయాలి. తల తిప్పి చూడాల్సి వస్తే ముందు బండిని పూర్తిగా ఆపి, చూసి, మళ్లీ కూర్చుని కదలాలి. డీ నుంచి ఆర్‌లోకి, ఆర్ నుంచి డీలోకి కూడా చక్రం పూర్తిగా ఆగాకే మార్చాలి. వదులు హవాయి చెప్పులతో నడపనివ్వకండి. డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉంచకండి, దొర్లి బ్రేకు కిందికి వెళుతుంది. మ్యాటు మీద మ్యాటు వేయడం కూడా ప్రమాదమే.

ప్రశ్న: ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు నా ఏఎంటీ కారు వెనక్కి జారుతోంది. జారకుండా ఎక్సలేటర్ కొంచెం నొక్కి పట్టుకుంటున్నాను. ఈమధ్య కాలిన వాసన వచ్చింది. ఆటోమేటిక్ వెనక్కి జారదన్నారే?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు

ముందు ఆ ఎక్సలేటర్ పట్టుకోవడం ఈరోజే మానేయండి. మీరు కాలుస్తున్నది క్లచ్ ప్లేటును.

ఏఎంటీ అంటే మామూలు గేర్ల కారే. అదే గేరుబాక్సు, అదే క్లచ్ ప్లేటు. తేడా ఒక్కటే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. మారుతిలో ఏజీఎస్ పేరుతో 2014లో సెలెరియోతో వచ్చింది ఇదే. మీరు ఎత్తు మీద ఎక్సలేటర్‌తో బండిని నిలబెడితే ఆ యంత్రం హాఫ్ క్లచ్ పట్టుకుని కూర్చుంటుంది. ప్లేటు ఒరుసుకుంటూ వేడెక్కి కాలుతుంది. గేర్ల కారులో హాఫ్ క్లచ్ మీద నిలబెడితే ఏమవుతుందో ఇక్కడా అదే. వాసన వస్తే పక్కకు ఆపి, ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఓ పావుగంట చల్లారనివ్వండి.

ఎత్తు మీద కదిలే పద్ధతి ఇది. ఆగగానే హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. ముందు బండి కదిలాక బ్రేకు నొక్కి డీలో ఉన్నదీ లేనిదీ చూడండి. పాదం ఎక్సలేటర్ మీదికి మార్చి మెల్లగా ఇవ్వండి. ఇంజన్ శబ్దం కొంచెం బరువెక్కి, బండి ముందుకు తన్నుకులాడినట్టు తెలుస్తుంది. అప్పుడే హ్యాండ్ బ్రేకు దించండి, ముందు కాదు. అంగుళం కూడా వెనక్కి జారదు. హిల్ హోల్డ్ ఉన్న కారైతే బ్రేకు వదిలాక రెండు సెకన్ల పాటు తనే పట్టుకుంటుంది. ఆ రెండు సెకన్లలో ఎక్సలేటర్ అందుకోవాలి, అంతకుమించి దాని మీద ఆధారపడొద్దు.

"ఆటోమేటిక్ జారదు" అన్నవాళ్లు బహుశా టార్క్ కన్వర్టర్ బండి నడిపి ఉంటారు. అందులో ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య నూనె తిరుగుతుంది. ఒరుసుకునే ప్లేటు మీద బరువు పడదు కాబట్టి మామూలు ఎత్తుల మీద బాగానే నిలబడుతుంది. సీవీటీలో గేర్ల బదులు రెండు పుల్లీల మధ్య బెల్టు ఉంటుంది. గట్టిగా తొక్కితే శబ్దం ముందు పెరిగి, వేగం తర్వాత వస్తుంది. అది లోపం కాదు. డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి, వాటిలో పొడి క్లచ్ (నూనెలో మునగని క్లచ్) రకం ట్రాఫిక్‌లో అడుగడుగూ పాకిస్తే వేడెక్కుతుంది. ముందు కొంచెం ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి కదలడం మేలు. కరెంటు కారుకు క్లచ్చూ లేదు, మార్చాల్సిన గేర్లూ లేవు. కొన్ని బ్రేకు వదలగానే పాకుతాయి, కొన్ని ఎక్సలేటర్ ఇస్తే తప్ప కదలవు, ఎత్తు మీద అవి వెనక్కి జారవచ్చు. ఏ ఆటోమేటిక్ కొన్నా, నేర్చుకున్నా, మొదట అది ఈ ఐదింటిలో ఏదో కనుక్కోండి.

ఏఎంటీలో గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతోందని చాలామంది రాశారు. గేరు మారబోయే క్షణంలో ఎక్సలేటర్ కాస్త తేలిక చేస్తే ఆ ఊపు చాలావరకు పోతుంది. నాలుగైదు రోజుల్లో ఆ క్షణం చెవికి పట్టుబడుతుంది.

ప్రశ్న: తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఆటోమేటిక్‌ను ఏ గేరులో ఉంచాలి? ఎన్‌లో వదిలేస్తే పెట్రోలు ఆదా కదా?
– ఒక వ్యాపారి, నెల్లూరు

ఎన్‌లో ఎప్పుడూ దిగకండి. ఇంజన్ ఆపి అసలే దిగకండి. ఇంజన్ ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఇక ఆదా మాట: ఇప్పటి కార్లు గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోలు ఆపేస్తాయి. ఎన్‌లో ఉంటేనే ఐడిలింగ్‌కు పెట్రోలు తాగుతుంది. అంటే ఆ లెక్కే తలకిందులు.

దిగే దారి మొదలవకముందే ఏఎంటీ అయితే రాడ్డును ఎం (గేరు మనమే మార్చుకునే మాన్యువల్) స్థానంలోకి తెచ్చి 2వ గేరుకు దించండి. టార్క్ కన్వర్టర్‌లో 2 గానీ ఎల్ (తక్కువ గేరు) గానీ, సీవీటీలో ఎల్ గానీ ఎస్ (స్పోర్ట్) గానీ వాడండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపు ముందు గట్టిగా నొక్కి వదలాలి. దారంతా మెల్లగా నొక్కిపట్టి ఉంచితే ప్యాడ్లు కాగి, బ్రేకు ఆయిల్ మరిగి, పెడల్ దూదిలా లోపలికి పోతుంది. కరెంటు కారువాళ్లకు ఒక మాట: కొండ మీద 100 శాతం ఛార్జ్ చేసి దిగకండి. బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కి కరెంటు తీసుకోలేదు, కాబట్టి రీజెన్ (మోటారే కరెంటు తయారుచేస్తూ బండిని నెమ్మదింపజేయడం) పట్టు తగ్గి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కాస్త ఖాళీ ఉంచుకోండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద పార్క్ చేస్తే, పొద్దున పీ (పార్కింగ్) నుంచి తీసేటప్పుడు "టక్"మని గట్టి శబ్దం వస్తోంది. గేరుబాక్సు పాడైందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

పాడవలేదు, కానీ రోజూ ఇలాగే చేస్తే పాడవుతుంది. పీ వేస్తే గేరుబాక్సులో వేలెడంత లోహపు కొక్కెం ఒక పంటిలో పడి చక్రాలను ఆపుతుంది. బహుశా మీరు ముందు పీ వేసి, బ్రేకు వదిలి, ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు లాగుతున్నారు. దాంతో బండి బరువంతా రాత్రంతా ఆ కొక్కెం మీదే వేలాడుతోంది. క్రమం మార్చండి: బ్రేకు నొక్కి ఉంచి ఎన్, హ్యాండ్ బ్రేకు, ఒక్క క్షణం పాదం ఎత్తి బరువు హ్యాండ్ బ్రేకు మీద పడనివ్వడం, మళ్లీ బ్రేకు నొక్కి పీ. టక్కుమనదు.

మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీ కార్లలో అసలు పీ ఉండదు. వాటిని ఎన్‌లో వదిలేయకుండా, ఏదో ఒక గేరులో ఉంచి ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు తప్పనిసరిగా వేయాలి.

ప్రశ్న: సెప్టెంబరులో చదువుకు బ్రిటన్ వెళుతున్నాను. ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే సరిపోతుందా? మా తమ్ముడు జర్మనీ అనుకుంటున్నాడు.
– ఒక విద్యార్థిని, గుంటూరు

వీలుంటే గేర్ల బండి నేర్చుకుని వెళ్లండి. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారులో టెస్టు పాసైతే వచ్చే లైసెన్సు ఆటోమేటిక్‌కు మాత్రమే. గేర్ల కారులో పాసైతే రెండూ నడపొచ్చు. మన లైసెన్సు మీద అక్కడ 12 నెలలు నడపనిస్తారు, తర్వాత అక్కడి టెస్టు ఇవ్వాల్సిందే. స్టీరింగ్ కుడివైపు, రోడ్డుకు ఎడమవైపు నడపడం మనలాగే కాబట్టి ఎడమ చేత్తో గేరు మార్చే అలవాటు అక్కడా పనికొస్తుంది.

జర్మనీలో మన లైసెన్సు చెల్లేది 6 నెలలే. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి బీ197 అన్న వెసులుబాటు ఉంది. స్కూల్లో గేర్ల కారు మీద కనీసం 10 పాఠాలు తీసుకుని, స్కూలువాళ్లు పెట్టే చిన్న పరీక్ష నెగ్గితే, అసలు టెస్టు ఆటోమేటిక్‌లో ఇచ్చినా రెండు రకాలూ నడపొచ్చు. అమెరికా వెళ్లేవాళ్లకు ఈ బెంగ లేదు. అక్కడి కార్లలో అత్యధికం ఆటోమేటిక్కే, మామూలు లైసెన్సులో తేడా కూడా చూడరు.

ప్రశ్న: ఏడాదిగా ఆటోమేటిక్ నడుపుతున్నాను. ఊరెళితే మా బాబాయి గేర్ల కారు నడపాల్సి వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

రోడ్డు మీ చేతిలో ఉంది కాబట్టి మిగిలింది ఎడమ కాలే. రోజూ గంట చొప్పున వారం చాలు. చదునైన నేల మీద 1వ గేరు వేసి, ఎక్సలేటర్ ముట్టకుండా క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం తగ్గి, బానెట్ సన్నగా వణుకుతుంది. అక్కడ పాదాన్ని రెండు సెకన్లు బిగబట్టండి, బండి పాకడం మొదలవుతుంది. మళ్లీ నొక్కేయండి. ఇది ముప్పైసార్లు. బండి ఆఫ్ అయిందంటే ఆ చోటు దాటి త్వరగా వదిలారన్నమాట.

ఆటోమేటిక్ అలవాటున్నవాళ్లు చేసే తప్పులు రెండు. ఆగేటప్పుడు క్లచ్ మరిచిపోవడం ఒకటి. ముందు బ్రేకు నొక్కి, నడక వేగానికి వచ్చాక క్లచ్ నొక్కాలి. గేరులో ఉన్న బండికి సెల్ఫ్ కొట్టడం రెండోది, బండి ముందుకు దూకుతుంది. రాడ్డును అటూ ఇటూ ఊపి న్యూట్రల్ చూసుకుని, క్లచ్ కూడా నొక్కే సెల్ఫ్ కొట్టండి. గేరు మార్చడం అయిపోగానే ఎడమ పాదం క్లచ్ మీంచి తీసేయాలి. ఊరికే ఆనించి ఉంచినా బేరింగు అరుగుతుంది.

ప్రశ్న: బ్యాటరీ దిగిపోతే ఆటోమేటిక్‌ను నెట్టి స్టార్ట్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

కుదరదు, ప్రయత్నించొద్దు. జంపర్ కేబుల్ వాడండి. ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస దిగిపోయిన బండి ఇంజన్ మీద రంగు లేని లోహానికి తగిలించండి. బ్యాటరీ మైనస్‌కు నేరుగా తగిలిస్తే దాని పక్కనే నిప్పురవ్వ లేస్తుంది. స్టార్ట్ అయ్యాక తగిలించిన వరుసకు తలకిందులుగా తీసేయాలి. లాక్కెళ్లాల్సి వస్తే తాడు కట్టించకండి. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండిని పిలిపించండి. కరెంటు కారుకైతే అది తప్పనిసరి, ఎందుకంటే చక్రాలు నేల మీద తిరిగితే మోటారు కూడా తిరుగుతుంది.